కూర్మమ్మ కుడి చెంప

ఫోటోలో కూర్మమ్మ ఉంది. ఊళ్ళో లేదు. ఆస్పత్రిలోనూ లేదు.

ఫోటో కింద మూడు వేల పైచిలుకు లైకులున్నాయి. చప్పట్లు కొట్టే బొమ్మలున్నాయి. ఎక్కడో ఢిల్లీలో ఉన్న కుర్ర డాక్టరెవడో 'అమేజింగ్ వర్క్ సర్' అని రాశాడు.

ఎస్సై ఈశ్వరి ఫోన్‌ని బల్ల మీద పెట్టింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని కూర్చోమంది. అతను కూర్చోలేదు. పేరు ఎర్రన్న. పొందూరు అవతల పల్లె, కౌలు సేద్యం. ఊడుపుల్లోంచి లేచి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద ఎండి తెల్లబడి ఉంది.

"మీ భార్యేనా?"

"మా మనిషే తల్లీ." మళ్ళీ వంగి చూశాడు. "గానీ మా మనిషిలాగ నేదు."

"కంతి పోయింది కదా. అందుకని అలా ఉంటుంది."

"అవుతాది" అన్నాడు ఎర్రన్న. ఎవరేం చెప్పినా ఒప్పుకోవడం అలవాటైన గొంతు అది.

2018 ఆగస్టు. సోమవారం ఉదయం పదకొండు గంటలు. ఈశ్వరి పెన్ను తీసింది.

కూర్మమ్మ కుడి చెంప మీద నిమ్మకాయంత కంతి ఉండేది. పెళ్ళి నాటికే ఉంది. హైవే పక్క ప్రైవేటు మెడికల్ కాలేజీ వాళ్ళు ఊళ్ళో క్యాంపు పెట్టారు. ఉచితంగా తీసేస్తామన్నారు. అక్కడ ప్లాస్టిక్ సర్జరీలో పై చదువు చెబుతారు. నేర్చుకునే డాక్టర్లకి చేతులు తిరగాలంటే మొహాలు కావాలి. డబ్బున్న మొహం నేర్చుకునేవాడికి ఎవడిస్తాడు? అందుకని క్యాంపులు పల్లెల్లో పెడతారు.

ఆ నెల మొదటి బుధవారం ఆపరేషన్ చేశారు. బాగా జరిగిందన్నారు. అతికిన చర్మం చెడిపోతుంది, రెండు వారాలు ఎవరూ లోపలికి రాకూడదు, నువ్వు వెళ్ళిపో అన్నారు. నారు ముదిరిపోతోంది. ఎర్రన్న వెళ్ళిపోయాడు.

మనసాగక ఆ ఆదివారం ఒకసారి వచ్చాడు. వార్డు తలుపు దగ్గర ఆపేశారు. నిద్రపోతోందన్నారు. తెచ్చిన క్యారేజీ మాత్రం లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి కడిగి ఖాళీగా తెచ్చిచ్చారు.

"ఎండ్రొయ్యల కూర తెచ్చినాను. తినేసినాదని సంబరపడిపోనాను" అన్నాడు ఎర్రన్న.

రెండు వారాలు దాటాక, మొన్న శనివారం ఇంటికి తీసుకెళ్దామని వచ్చాడు. నిన్ననే పంపించేశాం, తనే నడిచి వెళ్ళిపోయింది అన్నారు. నమ్మకపోతే చూసుకోమని ఫోన్లో ఈ ఫోటో చూపించారు. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి డిపార్ట్‌మెంట్ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టిన ఫోటో. పక్కనే కంతితో ఉన్న ముందు ఫోటో కూడా ఉంది. 'డిశ్చార్జ్ రోజు. కొత్త మొహం, కొత్త జీవితం' అని కింద ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఆవిడ దగ్గర ఫోన్ ఉందా?"

"నేదు."

"బస్సుకి డబ్బులు?"

"నేవు తల్లీ. ఎందుకుంటాయి?"

"ఎవరి మీదైనా అనుమానమా?"

ఎర్రన్న తల అడ్డంగా ఊపాడు. "ఊర్లో అందరూ ఆ బొమ్మ ఫోన్లల్లో సూసినారు. మొగం బాగైపోనాది, ఇంక నీతోటి ఏటి పని, ఎవడితోనో ఎల్లిపోనాది అంతన్నారు. దొరక్కపోతే పోనీ తల్లీ. అది ఎల్లిపోయే మనిషి కాదని ఒక్క ముక్క సెప్పించండి. సాలు."

ఈశ్వరి కేసు రాసుకుంది. అయ్యో అనిపించలేదు. కోపమూ రాలేదు. మూడు నెలల క్రితం తల్లి పోయిన దగ్గర్నుంచి ఆమెకి ఏదీ తగలడం లేదు. తిమ్మిరెక్కిన కాలితో నడిచినట్టు డ్యూటీ చేస్తోంది. కాలుంది, నడుస్తోంది, నేల మాత్రం తెలియడం లేదు.

*

మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ జగన్నాధాన్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళింది.

డిపార్ట్‌మెంట్ హెడ్ డాక్టర్ ఉమాశంకర్ ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. పోలీసంటే భయం లేదు. విసుగు ఉంది. మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఆపరేషన్ సక్సెస్. పేషెంట్ సంతోషంగా వెళ్ళింది. ఆ తర్వాత ఎక్కడికెళ్ళిందో కనిపెట్టడం మీ పని.

తర్వాత పేజీ గురించి అడక్కుండానే చెప్పాడు. దేశంలో ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఈ సీటు కోసం అప్లై చేస్తారట. కాలేజీ చూడ్డానికి ఎవడూ శ్రీకాకుళం దాకా రాడట. పేజీ చూస్తాడట. ముందు ఫోటో, తర్వాత ఫోటో చూసి ఏ కాలేజీ కోరుకోవాలో తేల్చుకుంటాడట. ఇది కౌన్సెలింగ్ నెలట.

"మంచి పేజీ లేని ప్రోగ్రామ్ ఇవాళ లేనట్టే మేడమ్" అన్నాడు.

పక్కనే నిలబడ్డ కుర్ర డాక్టరు తల ఎత్తలేదు. భాస్కర్ అతని పేరు. శిక్షణలో మూడో ఏడు. కూర్మమ్మ అతని పేషెంటే. శుక్రవారం ఎన్నింటికి వెళ్ళిందని అడిగితే నాలుగు అన్నాడు. ఎవరు పంపారంటే తనే అన్నాడు. ఏ చీరతో అంటే వచ్చిన చీరతోనే అన్నాడు. అడిగిన దానికల్లా అప్పజెప్పినట్టు చెప్పాడు.

ఫోటోలు పెట్టేవాడు ఇంకొకడు. గిరిబాబు. కాలేజీ జీతమిచ్చి పెట్టుకున్న కుర్రాడు. హుషారు మనిషి. పేషెంట్ చేరిన రోజు డాక్టర్లు మూడు ఫోటోలు తీస్తారనీ, ఎదుట నుంచి ఒకటి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, అది పద్ధతనీ చెప్పాడు. తనకి వచ్చింది వచ్చినట్టు పేజీలో పెడతాడట. అంతే తన పని.

గేటు కెమెరా ఆ వారమే పిడుగు పడి పాడైందన్నారు. జగన్నాధం బస్‌స్టాప్‌లో టీకొట్టు వాళ్ళనీ ఆటోవాళ్ళనీ అడిగి వచ్చాడు. ఎవరూ చూడలేదు.

సాయంత్రం పల్లెకి వెళ్ళారు.

బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఉన్నారు. పెద్దవాళ్ళందరికీ పైట కుడి భుజం మీద ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు కొన్ని కులాల్లో ఆడవాళ్ళు అలాగే వేస్తారు. మిగతా లోకమంతా ఎడమ భుజం మీద వేస్తే వీళ్ళు కుడి మీద. ఈ కాలం పిల్లలు మానేశారు.

దాలమ్మ అనే ఆవిడ బిందె దించి ముందుకొచ్చింది. ఎర్రన్నకి వరసకి వదిన. ఫోటో ఆవిడ కొడుకు ఫోన్లోనూ ఉంది.

"ఏటి సెప్పమంటారు మేడమ్. మీరే సూడండి. ఒకే పక్క నుంచి తీసినారు రెండు బొమ్మలూ. ముందు బొమ్మలో మొగమే కనపడతాది. ఇందులో బుజం సూడండి. కుడి బుజం బోడిగా నేదూ? పైట అవతల బుజం మీదికి ఎల్లిపోనాది. పదిహేను రోజులు పట్నం గాలి తగిలీసరికి మొగం మారింది, పైట మారింది. ఇంక మొగుడు మారడా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అరుగు మీద ఉన్న ఎర్రన్నకి వినపడింది. అతను చుట్ట ఆరిపోయినా నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

ఈశ్వరికి ఆ మాట వింతగా తోచలేదు. పైటలు మారతాయి. తనదీ మారింది. విజయనగరం హాస్టల్లో తోటి పిల్లలు నవ్వితే ఒక్క పూటలో ఎడమకి మార్చేసింది. ఇంటికెళ్తే తల్లి చూసి ఊరుకుంది.

జీపులో జగన్నాధం అడిగాడు. "మిస్సింగే కదండీ మేడమ్. తనంతట తనే ఎల్లిపోనాదని రాసీమంటారా?"

ఆడమనిషి కనపడకపోతే స్టేషన్లలో రాసే వాక్యం అదొక్కటే. వెళ్ళిపోయింది. ఎవడితో, ఎక్కడికి అని ఎవరూ అడగరు. ఆ ఒక్క మాటతో ఎన్ని చావులు కప్పెట్టారో లెక్క లేదు.

"రేపు సంతకం పెడతాను" అంది ఈశ్వరి.

*

మర్నాడు తల్లి మూడో మాసికం. ఈశ్వరి యూనిఫాం బదులు చీర కట్టుకుంది. మడతలు పెట్టి, పైట ఎడమ భుజం మీద వేసి, పిన్ను పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

అద్దంలో అమ్మ నిలబడి ఉంది.

పోలిక ఒక్కటే కాదు. అద్దంలో మనిషికి పైట కుడి భుజం మీద ఉంది. అచ్చం అమ్మకి ఉన్నట్టే.

అమ్మ పోయిన రోజు శవానికి కొత్త చీర చుట్టింది తనే. తన చేతి అలవాటు కొద్దీ పైట ఎడమ భుజం మీద వేసింది. మేనత్త వచ్చి తన చెయ్యి తీసేసింది. "ఒసే, మీ యమ్మ ఎప్పుడేనా అలా ఏసుకున్నాదేటే" అంటూ కుడి పక్కకి సర్దింది. ఆ రోజు ఈశ్వరికి ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఇప్పుడు అద్దం ముందు కదలకుండా నిలబడింది.

అద్దంలో ఎడమ కుడవుతుంది. మారేది పైట ఒక్కటే కాదు. అన్నీ మారతాయి. చెంప కూడా.

అద్దం ముందు నుంచే ఎర్రన్నకి ఫోన్ చేసింది.

"ఎర్రన్నా, కూర్మమ్మకి ఒక్క పక్కే ఉన్న గుర్తు ఏదైనా ఉందా? మొహం మీద గానీ, చెవి మీద గానీ?"

"సెవి ఉన్నాది తల్లీ. ఎడం సెవి తమ్మి తెగిపోనాది. సిన్నప్పుడు కమ్మకి దూడ తాడు తగులుకుని సిరిగిపోనాదంట. నాను సూసినప్పట్నుంచీ అంతే."

"ఎడమ చెవే కదా? బాగా గుర్తు తెచ్చుకో."

"నాను గుర్తు తెచ్చుకోడమేటి? ముప్పై ఏళ్ళు పక్కన కూకున్నాను."

ఈశ్వరి ఫోన్లో ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. చెవి దగ్గర ఆపింది. చాలాసేపు చూసింది.

మాసికానికి వెళ్ళలేదు. తమ్ముడికి ఫోన్ చేసి నువ్వే కానిచ్చేయమంది. చీర విప్పి యూనిఫాం వేసుకుని జగన్నాధాన్ని జీపు తీయమంది.

*

పదిన్నరకి ప్లాస్టిక్ సర్జరీ సెమినార్ హాల్లో ముగ్గురినీ కూర్చోబెట్టింది. ఉమాశంకర్, భాస్కర్, గిరిబాబు. తలుపు దగ్గర జగన్నాధం నిలబడ్డాడు. వెనక కుర్చీలో ఎర్రన్న. పిల్ల డాక్టర్లకి పాఠాలు చెప్పే ప్రొజెక్టరు మీదే కూర్మమ్మ ఫోటో వేయించింది. మొహం గోడంత అయింది.

"డాక్టర్ గారూ, ఏ చెంపకి ఆపరేషన్?"

"కుడి" అన్నాడు ఉమాశంకర్.

"ఇక్కడ కనపడేది ఏ చెంప?"

"కుడి. చూస్తున్నారుగా."

"కనపడే చెవి?"

"అదీ కుడే. ఏమిటీ చిన్నపిల్లల ప్రశ్నలు?"

"ఆ చెవి తమ్మె ఎలా ఉంది?"

ఉమాశంకర్ చూశాడు. చిరిగి రెండు పాయలుగా ఉంది. "ఎప్పుడో చిరిగి ఉంటుంది" అన్నాడు.

"ఎర్రన్నా, ఏ చెవి చిరిగింది?"

"ఎడం సెవండి."

గిరిబాబు కుర్చీలో సర్దుకున్నాడు.

ఈశ్వరి గోడ దగ్గరికి నడిచింది. "నేనూ ఈ ఫోటోని నిన్నంతా చూశాను. చెంపే చూశాను. అందరూ చెంపే చూశారు. కంతి ఉందా పోయిందా అని. భుజం సంగతి ఆ ఊరి ఆడవాళ్ళు చెప్పారు. నవ్వుతూ చెప్పారు కాబట్టి నేను వినలేదు. కూర్మమ్మ పైట ఎప్పుడూ కుడి భుజం మీద. ఈ ఫోటోలో ఎడమ మీద ఉంది. పైట మార్చుకుందనుకున్నాం. పైటయితే ఎవరైనా మార్చుకోవచ్చు. చిరిగిన చెవి ఆ పక్క నుంచి ఈ పక్కకి ఎలా వచ్చింది?"

గోడ మీది చెవిని వేలితో చూపించింది.

"ఇది కుడి చెంప కాదు. ఎడమ చెంప. ఆపరేషన్‌కి ముందు, చేరిన రోజు, మీ పద్ధతి ప్రకారం ఎడమ పక్క నుంచి తీసిన ఫోటో. కంతి ఎప్పుడూ లేని చెంప. దాన్ని తిప్పేశారు. తిప్పితే ఎడమ కుడవుతుంది. పైట కుడి నుంచి ఎడమకి వస్తుంది. మీకందరికీ పైట ఎడమ మీద ఉండటమే అలవాటు. అందుకని మీ కంటికి ఏ తేడా రాలేదు. మీరు ఆ మనిషిని కోశారు గానీ, ఆవిడ చీర ఎలా కట్టుకుంటుందో చూడలేదు." గిరిబాబు వైపు తిరిగింది. "తిప్పింది నువ్వేనా?"

"సార్ తిప్పమన్నారు మేడమ్." గొంతులో హుషారు లేదు. "ఆఫ్టర్ ఫోటో సరిగ్గా రాలేదు, దీన్ని ఫ్లిప్ చేసి సన్నగా కుట్టు గీత ఒకటి పెట్టు, అంతా ఇలాగే చేస్తారు అన్నారు. ఆవిడ లేదని నాకు తెలీదు."

"ఆఫ్టర్ ఫోటో ఎందుకు లేదు డాక్టర్ గారూ?"

ఉమాశంకర్ లాయరుతో మాట్లాడాలన్నాడు. ఈశ్వరి మాట్లాడమంది. ఆయన ఫోన్ తీశాడు గాని నంబరు నొక్కలేదు.

ఈశ్వరి భాస్కర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆదివారం ఎర్రన్న క్యారేజీ తెచ్చాడు. తలుపు దగ్గర తీసుకుంది ఎవరు?"

"నేను."

"ఎవరు తిన్నారు?"

భాస్కర్ గోడ మీద మొహాన్ని చూడకుండా నేల చూశాడు.

"డాక్టరూ, ఎండ్రొయ్యల కూర. ఎవరు తిన్నారు?"

"పారబోశాను" అన్నాడు భాస్కర్. "పారబోసి, కడిగి ఇచ్చాను."

వెనక కుర్చీ కిర్రుమంది.

ఆ తర్వాత భాస్కర్‌ని అడగాల్సిన పని లేకపోయింది. తనే చెప్పుకుపోయాడు.

ఆపరేషన్ అయిన బుధవారం సాయంత్రం ఏడింటికి పేజీలో లైవ్ పెట్టారు. సీటు కోరుకునే కుర్రాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, శిక్షణలో ఉన్నవాళ్ళు జవాబులు చెబుతారు. భాస్కర్ ఇంగ్లీషు బాగుంటుంది. ఆ పూట వార్డు డ్యూటీ అతనిదే అయినా ఉమాశంకర్ అతన్నే కూర్చోబెట్టాడు. నర్సు రెండుసార్లు తలుపు తట్టింది. పేషెంటు మెడ వాస్తోంది, ఊపిరి ఆడటం లేదంటోంది అని చెప్పింది. అయిదు నిమిషాల్లో వస్తానన్నాడు. అప్పుడే ఒక కుర్రాడు మీ దగ్గర ప్రాణాల మీదికి వచ్చిన కేసులు ఎన్ని అని అడిగాడు. ఒక్కటీ లేదని భాస్కర్ జవాబు చెప్పాడు. చెప్పి, నవ్వి, ఇంకో ప్రశ్న తీసుకున్నాడు.

వెళ్ళేసరికి కట్టు కింద రక్తం గడ్డకట్టి గొంతు నొక్కేసింది. కుట్లు విప్పితే బతికే మనిషి. విప్పేవాడు లైవ్‌లో ఉన్నాడు.

"కౌన్సెలింగ్ అయ్యేదాకా బయటికి రాకూడదన్నారు సార్. మొగుడు కౌలు రైతు, అడగడానికి ఎవరూ రారన్నారు. నర్సుని ఆ రాత్రే సెలవు మీద పంపేశారు."

ఉమాశంకర్ అప్పుడు నోరు తెరిచాడు. "సర్జరీలో అది జరుగుతుంది. ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది. పేషెంట్ చనిపోవడం నేరం కాదు."

"కాదు" అంది ఈశ్వరి. "చనిపోయిందని చెప్పి ఉంటే మీరు చెడ్డ డాక్టరే అయ్యేవారు. నేరస్థుడు కాకపోయేవారు. ఆవిడ ఎక్కడుంది?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మెడికల్ కాలేజీలో శవాన్ని ఎక్కడ దాస్తే ఎవరూ అడగరు?"

"కింద" అన్నాడు భాస్కర్. "అనాటమీలో."

*

అనాటమీ అటెండరు సోములుకి అనాథ శవమని చెప్పి అప్పగించారు. ఫస్టియర్ పిల్లలకి సెప్టెంబరులో కోతకి ఇవ్వాల్సి ఉంది. సోములు మందునీళ్ళ తొట్టి మూత తీసి పక్కకి తప్పుకున్నాడు.

కుడి చెంప మీద విప్పని కుట్లు. చిరిగిన ఎడమ తమ్మె.

ఈశ్వరి జేబులోంచి రుమాలు తీయలేదు. మందు ఘాటుకి కళ్ళు మండాయి. నీళ్ళు కారాయి. ఘాటుకే అనుకుంది. ఎర్రన్న లోపలికి వచ్చి చూసి, తల ఊపి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

సాయంత్రానికి ఇద్దరు డాక్టర్లనీ అరెస్టు చేసి తీసుకెళ్ళారు. గిరిబాబు దగ్గర్నుంచి ఫోన్లూ కంప్యూటరూ స్వాధీనం చేసుకున్నారు. ఆ రోజు కూడా ఫోటోకి లైకులు పడుతూనే ఉన్నాయి. కొత్త సీట్లు ఆ నెలలోనే నిండిపోయాయి. ఆ సంగతి ఏ పేపరూ రాయలేదు.

పోస్ట్‌మార్టం వేరే ఆస్పత్రిలో చేయించి మర్నాడు మధ్యాహ్నానికి శవాన్ని పల్లెకి తెచ్చారు. ఈశ్వరి జీపు ముందు వచ్చింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చారు.

ఈశ్వరి దిగి అందరికీ వినపడేలా చెప్పింది. "కూర్మమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆపరేషన్ అయిన రోజే చనిపోయింది. చంపింది ఎవరో తేలింది. ఫోటోలో పైట ఆవిడ మార్చలేదు, వాళ్ళు మార్చారు."

దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎర్రన్న ఆవిడ వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఇంట్లోకెళ్ళి పెట్టెలోంచి చీర తెచ్చి ఈశ్వరి చేతికిచ్చాడు.

"సెప్పినారు తల్లీ" అన్నాడు. "సాలు."

మందులో నాని శవం కర్రలా బిగుసుకుపోయింది. పట్టుకోవడానికి దాలమ్మ వచ్చింది. ఇద్దరూ కలిసి చీర చుట్టారు.

పైట మాత్రం ఈశ్వరి తనే తీసి కుడి భుజం మీద వేసింది. ఈసారి ఎవరూ వచ్చి సర్దాల్సిన పని లేకపోయింది.